నమోదు కాని దావత్

మా ఆఫీసు పేరు సంప్రదాయ నిప్పు వంటల పరిరక్షణ మండలి. లోపలికి అగ్గిపెట్టె తేకూడదని గుమ్మం దగ్గరే బోర్డు ఉంటుంది.

నేను ఆ మండలి డైరెక్టరు గారి జీపు తోలుతాను. ఆరో తరగతితో బడి వదిలేసినవాణ్ణి కాబట్టి, మండలి ఎందుకు పుట్టిందో నాకు అర్థమైనంత వరకే చెబుతాను. ఎవరో పెద్దాయన విదేశం పోయాడట. అక్కడ ఇంటి వెనక పెరట్లో బొగ్గుల కుంపటి పెట్టి, చుట్టూ నిలబడి మాంసం కాల్చుకు తినడం గొప్ప సంప్రదాయమని తెలుసుకుని వచ్చాడట. వచ్చి, మనకు అలాంటిది లేదా అని అడిగాడట. వెతికితే ఉందని తేలింది. మా ఊళ్ళలో జనం మామిడి తోటలకు పోయి మేకను కోసుకుని, కార్జం చువ్వకు గుచ్చి నిప్పుల మీద తిప్పుకుంటూ తినడం తాతల నాటి నుంచీ జరుగుతోందని నివేదిక వచ్చింది. దాన్ని కాపాడాలన్నారు. కాపాడటానికి మండలి పెట్టారు. మండలి పెట్టిన ఏడాదికి, మా చుట్టుపక్కల ఊళ్ళలో అనుమతి నంబరు లేకుండా ఎవరూ తోట దావత్ చేసుకోరాదని నియమం తెచ్చారు. అలా దావత్ కాపాడబడింది.

డైరెక్టరు విశ్వంభరరావు గారు మంచి మనిషి. ఎవరినీ తిట్టరు. తిట్టాల్సినవాణ్ణి కూడా "తమరి వైఖరి పునఃపరిశీలనార్హం" అంటారు. వాడు ఇంటికి పోయి ఆలోచించుకున్నాక గానీ ఏడుపు రాదు. ఆయన ఒకసారి నగరంలో ఏదో సదస్సుకు పోయి వచ్చారు. వెళ్ళేటప్పుడు జీపులో నిద్రపోయిన మనిషి, వచ్చేటప్పుడు కళ్ళు మూయలేదు.

"గట్టయ్యా, ఇకమీదట దావత్ గురించి మనిషి ఆలోచించనవసరం లేదు. కృత్రిమ మేధ ఆలోచిస్తుంది."

"తినేది ఎవరు సార్?"

"ఆ అంశం రెండో దశలో వస్తుంది."

వారం తిరగకముందే నగరం నుంచి హర్షిత మేడం ల్యాప్‌టాప్‌తో దిగింది. మేకలు ఎన్ని, చుట్టాలు ఎందరు, బొగ్గు ఎంత, గాలి ఎటు, కారం ఎంత, ఎవరికి ఏ తునక అన్నీ చెప్పే సహాయకుణ్ణి తయారు చేయడం ఆమె పని. దానికి దావత్ మిత్ర అని పేరు పెట్టారు. ముందు దానికి మన పద్ధతి నేర్పాలి కదా అని, తోటల్లో వంట చేసే పెద్దమనుషులను నలుగురిని పిలిపించి ఏసీ గదిలో కూర్చోబెట్టారు.

"ఉప్పు ఎంత వేస్తారు?" అని మేడం అడిగింది.

"సరిపోను."

"సరిపోను అంటే ఎన్ని గ్రాములు?"

"సాలకపోతే మల్ల ఏస్తం మేడం."

"నిప్పు మీద ఎంతసేపు ఉంచుతారు?"

"ఉడికేదాంక."

"ఉడికిందని ఎలా తెలుస్తుంది?"

వాళ్ళలో ఒకాయన బాగా ఆలోచించి, "వాసనకు మా బామ్మర్ది వస్తడు. ఆడొచ్చిండంటే అయినట్టే" అన్నాడు.

మేడం ల్యాప్‌టాప్ మూసేసింది. ఈ సమాచారం శుభ్రంగా లేదు, దీన్ని పెడితే మిత్ర చెడిపోతుంది అంది. డైరెక్టరు గారు చిరునవ్వు నవ్వారు. "సమాచారానికి కరువా అమ్మా మనకు? బీరువాలు తెరిపించండి" అన్నారు. మీటింగుల మినిట్స్, మెమోలు, సర్క్యులర్లు, సంజాయిషీలు, వాటికి జవాబులు, మండలి పుట్టకముందు ఆ బీరువాల్లో ఉన్న వేరే శాఖ కాగితాలతో సహా, మొత్తం దావత్ మిత్రకు తాగించారు. అందులో మేక అన్న మాట ఎక్కడా లేదు. శుభ్రంగా మాత్రం ఉంది.

మొదటిసారి పరీక్షించిన రోజు నేను టీ పట్టుకుని అక్కడే ఉన్నాను. డైరెక్టరు గారు గొంతు సవరించుకుని, "ఐదుగురికి ఒక కోడిని నిప్పుల మీద కాల్చాలి" అన్నారు. దావత్ మిత్ర ఆడగొంతుతో, చాలా మర్యాదగా చెప్పింది: "తమరి విన్నపము అందినది. కోడి విషయమై సంబంధిత శాఖతో సంప్రదింపులు జరుగుచున్నవి. ఈలోగా అతిథులకు మంచినీరు ఇవ్వవచ్చును."

డైరెక్టరు గారి కళ్ళు చెమ్మగిల్లాయి. "మన పద్ధతి మొత్తం పట్టేసింది" అన్నారు.

నా పాపం కొద్దీ నాకు ఆ వారమే సెలవు కావలసి వచ్చింది.

నా భార్య సత్తవ్వకు ఇద్దరు అన్నదమ్ములు. ఆగయ్య ఆమెకు పెద్ద, నాంపల్లి చిన్న. ఇద్దరి మక్కజొన్న చేలకూ ఒకటే బోరు. నిరుడు దసరాకు ఇద్దరూ కలిసి మేకను కోశారు. మా దగ్గర మాంసాన్ని పోగులు పెట్టాక, ఒకణ్ణి వీపు తిప్పి నిలబెడతారు. ఇంకొకడు ఒక పోగు మీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అంటాడు. వీపు తిప్పినవాడు చూడకుండా ఒక పేరు చెబుతాడు. ఎవరి పేరు వస్తే వాళ్ళదే ఆ పోగు. కోర్టు లేదు, అప్పీలు లేదు. ఆ రోజు కార్జం ఎక్కువ పడ్డ పోగు మీద చెయ్యి పెట్టినప్పుడు ఆగయ్య దగ్గాడు. వీపు తిప్పినవాడు "ఆగయ్య" అన్నాడు. అది దగ్గు కాదు, సైగ అని నాంపల్లి లేచాడు. గొంతులో మిరపగింజ పడిందని ఆగయ్య. అంతే, మాటల్లేవు.

మాటల్లేకపోతే మనుషులకు ఏమీ కాదు గానీ, ఈ మధ్య బోరు మోటారు కాలిపోయింది. దాన్ని పైకి గుంజాలంటే ఇద్దరూ ఉండాలి. "ఆయన్నే ముందు అడగమను" అని ఈయన, "ఆడ్నే ముందు అడగమను" అని ఆయన. మక్క కంకులు పాలు పోసుకునే వేళ. అప్పుడు నీళ్ళు అందకపోతే తర్వాత గోదావరి తెచ్చి పోసినా గింజ రాదు. కులపెద్దలు కూర్చుని తేల్చారు: ఇద్దరూ కలిసి మేకను తేవాలి, కాల్చుకుని కలిసి తినాలి, ఇద్దరికీ బావనైన నేను వీపు తిప్పి పోగులు చెప్పాలి, తెల్లారి మోటారు గుంజాలి. మేక కూడా వచ్చి మా ఇంటి ముందు కట్టేసి ఉంది.

"సార్, ఆదివారం సెలవు కావాలె. మా ఇంటోళ్ళ దావతున్నది" అన్నాను.

డైరెక్టరు గారు పెన్ను కింద పెట్టారు. "దావతా? తోటలోనా? నిప్పు ఉంటుందా?"

ఉంటుందన్నాను. అక్కడే నోరు మూసుకుని ఉండాల్సింది.

"గట్టయ్యా, అది దావత్ కాదు. మన తొలి ప్రయోగాత్మక కార్యక్రమం!" అని లేచి నిలబడ్డారు. "దావత్ మిత్ర నంబరు ఇచ్చేదాకా నిప్పు ముట్టించవద్దని మీ వాళ్ళకు చెప్పు. ఈలోగా ఏదైనా ఉల్లంఘన జరిగితే... నీ కాంట్రాక్టు పొడిగింపు విషయం కూడా నా పరిశీలనలోనే ఉంది కదా." ఆ మాట ఎంతో ప్రేమగా అన్నారు.

మరునాడే మేడం, డైరెక్టరు గారు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద ఒక చివర ఆగయ్య, ఇంకో చివర నాంపల్లి. మధ్యలో స్టూలు మీద మేడం ల్యాప్‌టాప్‌లో దావత్ మిత్ర. కింద మేక.

"పార్టీ ఎ, పార్టీ బి హాజరు కావలయును" అంది మిత్ర.

"బావా, పార్టీ ఎ అంటే నేనే కదా? పెద్దోణ్ణి" అన్నాడు ఆగయ్య.

"బావా, పెద్దరికం తినే కాడ జూపొద్దని ఆయనకు చెప్పు" అన్నాడు నాంపల్లి.

"బావా, ఆడు నాకు జెప్పేటంత మొగోడు కాలేదని చెప్పు."

నేను ఇటు చెప్పలేదు, అటు చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేదు, వాళ్ళ మధ్య ఉన్నది మేకంత దూరం.

వివాద కారణం తెలుపవలెనని మిత్ర అడిగింది. డైరెక్టరు గారు నా దగ్గర విన్న దగ్గు సంగతి మొత్తం వివరించారు. మిత్ర కాసేపు ఆలోచించింది. తర్వాత, "దగ్గు వలన పంపిణీ ప్రక్రియ ప్రభావితమగు అవకాశము కలదు. కావున దావత్‌లో పాల్గొను వారందరును దగ్గు లేనట్లు వైద్యుని ధ్రువీకరణ పొందవలయును" అంది.

"ఎంత సూక్ష్మ దృష్టి!" అన్నారు డైరెక్టరు గారు.

"ఇదేం లొల్లి సార్?" అంది సత్తవ్వ లోపలి నుంచి. "మా మేనత్తకు పుట్టినకాడి నుంచి దగ్గే. ఆమెను పిలవద్దా?"

"పరిశీలిస్తాం అమ్మా."

నలభై మందిమి ఆస్పత్రికి పోయాం. డాక్టరు అందరినీ వరసగా నిలబెట్టి దగ్గమన్నాడు. దగ్గు లేదని చూడాలంటే దగ్గించాలట. నలభై మందీ గట్టిగా దగ్గి, దగ్గు లేదని రాయించుకుని వచ్చాం.

అంతా అయిందనుకుంటే మిత్ర మళ్ళీ అడిగింది: "పాల్గొను వారి జాబితాలో మేక కలదా?"

"కలదు" అన్నారు డైరెక్టరు గారు గర్వంగా.

"మేకకు పరీక్ష జరిగినదా?"

పశువుల డాక్టరు వచ్చి మేక మెడ కింద చెయ్యి పెట్టాడో లేదో, అది అందరి ముందూ ఖళ్ళుమని దగ్గింది. ఆ చప్పుడుకు నాంపల్లి నవ్వబోయి, ఆగయ్య కూడా నవ్వబోతున్నాడని చూసి మూతి బిగించుకున్నాడు. మేకను పరిశీలనలో ఉంచారు. చెవికి పచ్చ బిళ్ళ వేశారు. దానికి రోజూ ఆకు ఎంత, నీళ్ళు ఎంత అన్నది మిత్రే చెప్పేది. మా ఇంట్లో ఎవరికీ అంత శ్రద్ధగా భోజనం అందదు.

ఈలోగా ఒక ఆదివారం పోయింది. ఇంకోటి పోయింది. ఆగయ్య రోజూ పొద్దున చేనులోకి పోయి, మక్క ఆకు చుట్ట చుట్టుకుపోతుంటే చూసి, మా ఇంటికి వచ్చి కూర్చునేవాడు. ఆయన పోయాక నాంపల్లి వచ్చేవాడు. అతనూ అదే చేనును చూసి వచ్చేవాడు.

"బావా, ఇంకో వారం అయితే కోసి పసులకు ఏసుడే" అన్నాడు నాంపల్లి.

"మీ అన్నతో ఒక్క మాట అనరాదూ? మోటరు గుంజుదాం పా అని."

"పెద్దలు దావతన్నరు. దావతుల కూసున్నంక నేనే అంట. ముందే అంటే నేను ఒంగినట్టు."

సత్తవ్వ ఊరుకోలేదు. "ఏందయ్యా, నీ ఆఫీసు మంచిగుండ! పుట్టినింటి చేను ఎండుతాంది. మేకనేమో బిళ్ళేసుకుని కలెక్టరు లెక్క మేస్తాంది. సార్‌కు చెప్తవా, నన్ను రమ్మంటవా?"

చెప్పాను. డైరెక్టరు గారు ఎంతో సానుభూతితో విన్నారు. ఆ రోజే అత్యవసర సమావేశం పెట్టారు.

సమావేశంలో మొదటి అంశం: వీపు తిప్పే వ్యక్తి, అనగా నేను, వీపును ఏ దిక్కుకు తిప్పాలి. పోగులు ఎటు ఉంటే అటు అన్నాను. పోగులు ఎటు పెట్టాలన్నది గాలిని బట్టి ఉంటుందని, గాలి ఎటు వీస్తుందో వేరే శాఖ చెప్పాలని మిత్ర అంది. రెండో అంశం: పొగ. పొగ ఎంత ఉండవచ్చని మేడం అడిగింది. "ఉండరాదు" అంది మిత్ర. పొగ లేకుండా నిప్పు ఎలా అని మేడం ఆ ఒక్కసారీ కొంచెం మనిషిలా అడిగింది. "నిప్పు తీవ్రత ప్రస్తుతము శూన్యముగా నిర్ణయింపబడినది. అవసరమును బట్టి పెంచబడును" అని జవాబు వచ్చింది. మూడో అంశం: తేదీ. చేలల్లో ఎండిన పంట ఉన్నప్పుడు నిప్పు ప్రమాదకరమట. "కావున దావత్‌కు అనుకూల సమయము: పంట కోత అనంతరము."

నేను చెయ్యెత్తాను. "సార్, పంట ఎండకుండ ఉండుటానికే ఈ దావత్."

డైరెక్టరు గారు నన్ను జాలిగా చూశారు. "గట్టయ్యా, నువ్వు విడిగా చూస్తున్నావు. మిత్ర సమగ్రంగా చూస్తోంది."

అయినా ఆయన మనసు కరిగింది. పైనుంచి కార్యక్రమం ఎంత వరకు వచ్చిందని ఫోను కూడా వచ్చింది. అసలు దావత్ కోత అయ్యాక పెట్టుకోవచ్చు, ముందు నమూనా దావత్ ఒకటి జరిపి ఫోటోలు పంపుదాం అన్నారు. నమూనాకు నిప్పు అక్కర్లేదు. మేక పరిశీలనలో ఉంది కాబట్టి అదీ అక్కర్లేదు. మనుషులు వస్తే చాలు.

అలా ఒక పూట మామిడి తోటలో షామియానా వేశారు. బొగ్గుల కుంపటి ఉంది, బొగ్గులూ ఉన్నాయి, వాటి మీద ముట్టించరాదని చీటీ ఉంది. నేల మీద విస్తళ్ళు పరిచి, ఒక్కోదాని మీద మాంసం ఉండాల్సిన చోట సుద్దముక్కతో గుండ్రంగా గీశారు. నన్ను వీపు తిప్పి నిలబెట్టారు. మేడం ఒక ఖాళీ విస్తరి మీద చెయ్యి పెట్టి "ఇదెవరిది?" అంది.

నేను నోరు తెరిచే లోపే దావత్ మిత్ర అందుకుంది. పేర్లు చెప్పేది కూడా తనేనట. నా పని వీపు వరకే.

"పూర్వ దావత్ వివరములు పరిశీలింపబడినవి. పార్టీ ఎ, అనగా ఆగయ్య, దగ్గు అను సంకేతము ద్వారా కార్జము పోగును అక్రమముగా పొందినట్లు నిర్ధారణ అయినది. కావున సదరు ఆగయ్యకు ఈ దావత్‌లో కార్జము నిరాకరింపబడినది. కాళ్ళు మాత్రము ఇవ్వబడును. కార్జము యావత్తు పార్టీ బి, నాంపల్లికి చెందును. సదరు ఆగయ్య యొక్క అక్రమ ప్రవర్తన శాశ్వతముగా నమోదు చేయబడినది."

ఆగయ్య అక్కడే ఖాళీ విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. వీపు తిప్పి ఉన్నాను కాబట్టి ఆయన మొహం నాకు కనిపించలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్న చప్పుడు మాత్రం వినిపించింది. లేచి పోతున్నాడన్నమాట. ఇంత కాలం నాంపల్లి అంటూ వచ్చిందే మిత్ర తీర్పుగా ఇచ్చింది. గెలిచినవాడు నవ్వుతాడేమోనని చూశాను, వీపు తిప్పమన్న నియమం పక్కన పెట్టి.

నాంపల్లి నవ్వలేదు. లేచి మిత్రను పెట్టిన స్టూలు దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నవ్? మల్ల అను."

"సదరు ఆగయ్య యొక్క అక్రమ..."

"ఎవడే సదరు? మా అన్నను అక్రమమంటవా?"

"బాబూ, తీర్పు మీకు అనుకూలంగానే ఉంది" అన్నారు డైరెక్టరు గారు కంగారుగా.

"నాకద్దు నీ అనుకూలం! నేనంట మా అన్నను. దొంగంట, దగ్గినవంట, నా నోటికొచ్చినట్టంట. నాకు హక్కున్నది. ఈ పెట్టె ఎవరు సార్ అనుటానికి? ఇది మా ఇంట్ల పుట్టిందా?" అని గుక్క తిప్పుకోకుండా అన్న వైపు తిరిగాడు. "నువ్వేంది, లేచి పోతవు? గింతగనం అంటాంటే పడి పోతవా? నీ నోరేమైంది?"

"నువ్వేగా సైగన్నది" అన్నాడు ఆగయ్య. చాలా రోజుల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"అవు, నేనే అన్న! అంటే? గొంతుల మిరపగింజ పడ్డదని ఇంకోసారి చెప్పద్దా? ఒక్కసారే చెప్పి ఊకుంటవా?"

"ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు? కాళ్ళంట కాళ్ళు! ఆ కాళ్ళు కూడ ఖాళీ ఇస్తరే!" అని ఆగయ్య విస్తరి ఎత్తి చూపించాడు. దాని మీద సుద్ద గీత తప్ప ఏమీ లేదు. ముందు ఎవరు నవ్వారో నేను చెప్పలేను. సత్తవ్వ అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. మేనత్త నవ్వలేక దగ్గింది.

"పా" అన్నాడు నాంపల్లి. "తాడు నీ కాడున్నదా, నా కాడున్నదా?"

"నీ కాడనే. గొలుసు నా కాడున్నది."

ఆ పూటే మోటారు గుంజారు. గుంజుతున్నంత సేపూ ఒకరినొకరు తిట్టుకుంటూనే ఉన్నారు. మోటారుకు వైండింగు కట్టించి దింపాక, చేనులో నీళ్ళు పారుతుంటే ఇద్దరూ చెరో గట్టు మీదా కాదు, ఒకే గట్టు మీద కూర్చున్నారు. కింద ఆకులు పోతే పోయాయి గానీ కంకికి గింజ దక్కింది.

మండలిలో మాత్రం పండగ చేసుకున్నారు. హర్షిత మేడం నివేదిక తయారు చేసింది. లక్ష్యం: అన్నదమ్ముల సయోధ్య. ఫలితం: నూటికి నూరు శాతం. వాడిన మేకలు: సున్న. వాడిన నిప్పు: సున్న. డైరెక్టరు గారు ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చదివారు. చదివి, మేక లేకుండా, నిప్పు లేకుండా, తిండి లేకుండా దావత్ ఫలితం వస్తుందని ప్రయోగపూర్వకంగా రుజువైంది కాబట్టి, ఇకమీదట అన్ని ఊళ్ళలోనూ ఇదే పద్ధతి అమలు చేయాలని నిర్ణయించారు. సంప్రదాయ నిప్పు వంటల పరిరక్షణలో ఇది మైలురాయి అన్నారు.

ఆ ఉత్తర్వు మీద పై సంతకం కోసం పోతున్న రోజు జీపు మా అత్తగారి ఊరి మీదుగా పోవాలి. దూరం నుంచే తోటలో పొగ చూశాను. పొద్దున మా ఇంటి ముందు మేక కనబడని సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నా కాంట్రాక్టు ఇంకా ఆయన పరిశీలనలోనే ఉంది. సార్ కంట పడకముందే దాటిపోదామని యాక్సిలరేటరు తొక్కాను.

"నెమ్మది గట్టయ్యా" అన్నారు డైరెక్టరు గారు. కిటికీ అద్దం దించారు. ముక్కు ఎగబీల్చారు. ఆయన మొహంలో డైరెక్టరుతనం కొంచెం కొంచెంగా కరిగిపోవడం నా ముందున్న అద్దంలో చూస్తూనే ఉన్నాను.

"ఆపు."

తోటలో ఆగయ్య చువ్వ తిప్పుతున్నాడు. నాంపల్లి విసనకర్రతో విసురుతూ, "గట్ల కాదన్నా, మాడుస్తున్నవ్" అంటున్నాడు. మామిడి కొమ్మకు పచ్చ బిళ్ళ వేలాడుతోంది. మమ్మల్ని చూసి ఇద్దరూ ఆగిపోయారు. సత్తవ్వ మాత్రం ఆగలేదు. విస్తరిలో నాలుగు కార్జం తునకలు వేసి, నిమ్మకాయ పిండి, "రా సార్, కూసో. చల్లారితే బాగుండది" అని చేతికిచ్చింది.

డైరెక్టరు గారు నిలబడే ఒక తునక నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తెరిచి, జేబులో నుంచి ఫోను తీసి, గొంతు బాగా తగ్గించి అడిగారు. "దావత్ మిత్రా, ఇక్కడ ఒక... నిప్పు ఉంది. ఇది ఉల్లంఘన అవుతుందా?"

మిత్ర వెతికింది. "సదరు స్థలమునకు అనుమతి నంబరు జారీ కాలేదు. నంబరు లేని దావత్ రికార్డులయందు లేదు. రికార్డులయందు లేనిది జరుగుట లేదు. కావున ఉల్లంఘన లేదు."

"మరి నేను తింటున్నది?"

"తమరు ఏమియు తినుట లేదు."

డైరెక్టరు గారు పెద్ద బరువు దిగినట్టు ఊపిరి వదిలారు. "చూశావా గట్టయ్యా, ఎంత స్పష్టత!" అన్నారు. జీపులో ఉన్న ఉత్తర్వు ఫైలు తెప్పించుకుని, మడిచి, నేల మీద వేసుకుని దాని మీద కూర్చున్నారు. ఖాళీ విస్తరి సత్తవ్వ వైపు చాచారు.

"అమ్మా, ఇంకో రెండు."